కుట్టు లేనిది

నలభై రెండేళ్ళు వలలు బాగుచేశాను.
తెగిన కన్ను పక్కన కొత్త కన్ను,
ముడి, మళ్ళీ ముడి, గోళ్ళ నిండా తారు.
మా దీవిలో పడవలవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవరు.
"ఒరే ముడీ" అంటారు. పలుకుతాను.

ఏప్రిల్లో అక్కని టోర్షావ్న్ ఆస్పత్రి నుంచి
ఓడలో ఇంటికి తెచ్చాను.
పొగమంచు. రెండు గంటలూ
కిటికీ వైపే చూస్తూ కూర్చుంది రన్వా.
ఎడమవైపు చదునైపోయింది.
చంక కింద మొదలై ఎదురొమ్ము ఎముక దాకా
ఎవరో చేయి తిరిగినవాడే కుట్టాడు.
కట్టు మార్చేది నేనే కదా, లెక్కపెట్టాను:
పద్దెనిమిది.

చలికి పాత స్వెట్టరు తొడుక్కుంది.
నిమిషం తిరక్కుండా విప్పి కుర్చీ మీద పడేసింది.
"దీని కుట్టు సరిగ్గా నా కుట్టు మీద కూర్చుంటోందిరా.
కుట్టుని కుట్టు కుడుతోంది."

పక్కింటి సోల్వా ఊలు తెచ్చి ఇచ్చింది,
వాళ్ళ బూడిదరంగు గొర్రెది, ఇంకా జిడ్డు వాసన వేస్తోంది.
"మెడ దగ్గర మొదలుపెట్టు. గుండ్రంగా తిరుగుతూ
దిగుతూ పో. ఎక్కడా అతుకు పడదు."
"మరి ముడి?"
"ముడి వేశావో, సూదులు లాక్కుంటాను."

తొంభై రెండు కళ్ళు సూది మీదకి ఎక్కించాను.
వల బిగించినట్టే బిగించాను.
నాలుగు రోజులకి తయారైంది
బల్ల మీద తనంతట తాను నిలబడే మెడ ఒకటి,
బకెట్టు లాగా.
అక్క తల అందులో పట్టలేదు.
ముక్కు దగ్గర ఇరుక్కుని, లోపల్నుంచి
"నవ్వించకురా, లాగుతోంది" అంటూ
ఎడమ పక్క అదిమిపట్టుకుని నవ్వింది.
ఓడ దిగాక అదే మొదటిసారి.

విప్పేశాను.
విప్పిన ఊలు వంకీలు మరిచిపోదు,
తడిపి, బరువు కట్టి, రాత్రంతా వేలాడదీయాలి.
ఈసారి వదులుగా పట్టుకున్నాను,
బతికున్న చేపపిల్లని పట్టుకున్నట్టు.

రంగు ఒక్కటే. పువ్వులూ నక్షత్రాలూ కుదరవు.
ఒక సూటి కన్ను, ఒక ఎదురు కన్ను,
ఎదురు కన్ను వేసినచోట బుడిపె లేస్తుంది.
ఆ బుడిపెల్తోనే భుజాల చుట్టూ
నాకు తెలిసిన ఒకే ఒక్క బొమ్మ వేశాను:
వల.
చుట్టు విడిచి చుట్టుకి కళ్ళు పెంచుతూ
మెడ నుంచి భుజాల మీదికి వల విసురుతున్నట్టు.

చేతుల కళ్ళని వల తాడుకి గుచ్చి పక్కన పెట్టి
అప్పుడప్పుడూ తొడిగి చూసేవాణ్ణి.
సగం స్వెట్టర్లో, కింద పచ్చి కళ్ళు వేలాడుతుండగా
దీపం ముందు కదలకుండా నిలబడేది.
"ఎక్కడ తగుల్తోంది?"
"ఇక్కడ."
వేలుతో చూపించేది. ముందు నెల చూపించేది కాదు.

చంకలు దాటాక వల ఆగిపోవాలి,
మిగతా ఒళ్ళంతా నునుపుగా దిగాలి. సోల్వా అలానే చెప్పింది.
కానీ రాత్రి అంగుళమంత అల్లింది తిరగేసి చూస్తే తెలిసింది,
బయట నునుపుగా ఉన్నచోట
లోపలంతా గరుకు.
బయట బుడిపె లేస్తేనే
ఒంటివైపు మెత్తన.

కుడివైపు మామూలుగా దించాను.
ఎడమవైపు మాత్రం
చంక నుంచి ఎదురొమ్ము దాకా, జానెడు మేర,
అన్నీ ఎదురు కళ్ళే.
గరుకంతా లోకం వైపు.

సోల్వా కళ్ళజోడు సర్దుకుని
"లెక్క తప్పావు, ఒక పక్కే వచ్చింది" అంది.
"అవును, ఒక పక్కే" అన్నాను.
కాసేపు ఆ జానెడు మేరా అరచేతితో తడిమింది.
లోపలికి చేయి పెట్టి మళ్ళీ తడిమింది.
ఇంకేమీ అనకుండా కాఫీ పోసింది.

సెప్టెంబరులో ముగిసింది.
చివరి పోగుని సూదితో అల్లికలోనే దాచాలి,
అది నాకు తెలుసు, నా వేళ్ళకి తెలియదు.
తల తిప్పి చూసేసరికి
అంచు దగ్గర, బిగించి, ఒక ముడి.

విప్పబోతుంటే అక్క లాక్కుంది.
"అక్కడ నాకేం నొప్పి లేదు. ఉండనీ."
తల మీంచి తొడుక్కుంది. చేతులు పైకెత్తింది,
రెండూ, ఎడమది కొంచెం ఆలస్యంగా.
బకెట్టు తీసుకుని
బంగాళాదుంపలు తవ్వడానికి వెళ్ళింది.